గరిటె వీరుడు

సాయంత్రం సర్వే ఆఫీసు నుంచి రాగానే ఆమె చేసే మొదటి పని కుర్చీ కింద గుడ్డ మార్చడం. పొద్దున పరిచిన గుడ్డ అప్పటికి తడిసి ముద్దయి ఉంటుంది. దాన్ని బకెట్లోకి పిండి, దండెం మీద ఆరేసి, పొడి గుడ్డ పరిచి, కుర్చీలో ఉన్న మొగుడి పాదాలు తుడిచి, అప్పుడుగానీ తన సంగతి చూసుకోదు. అతను పనిచేసే ఓడని సముద్రపు దొంగలు పట్టుకున్న రోజు నుంచీ ఇదే వరస. మనిషి అక్కడ ఓడలో బందీగానూ ఉన్నాడు, ఇక్కడ భోజనాల బల్ల దగ్గరా ఉన్నాడు. మాట్లాడడు, తినడు, బట్టల్లోంచి ఉప్పునీళ్ళు కారుస్తూ కూర్చుంటాడు. వాళ్ళ కూతురు, చిన్నది, అతని పక్కనే పుస్తకాలు పరుచుకుని, తడవకుండా జాగ్రత్తగా హోంవర్కు చేసుకునేది. ఎదురింటి కుట్టుమిషను పిన్ని గుమ్మంలోంచి తొంగిచూసి, "ఎలా ఉన్నాడమ్మా ఇవాళ?" అని జ్వరం మనిషిని పరామర్శించినట్టు అడిగి వెళ్ళేది.

అతను ఓడలో వంటవాడు. బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కేసే రకం. భుజాలు కాస్త ముందుకి వంగి, మాట మెత్తగా ఉండేది. ఓడంతటికీ వండిపెట్టే మనిషి ఇంటికొస్తే మాత్రం తన చేతిని తనే నమ్మేవాడు కాదు. కూర పొయ్యి మీద ఉండగానే గరిటెలో చల్లార్చి తెచ్చి, "ఉప్పు సరిపోయిందా?" అని ఆమె మొహంలోకి చూస్తూ నిలబడేవాడు. ఆ చూపుకే ఆమె పడిపోయింది. పెళ్ళయ్యాక ఎన్నేళ్ళు గడిచినా లేవలేదు.

మొదటి వారం అతను బల్ల దగ్గర నిండుగా ఉన్నాడు. టీవీలో ఓడ, పేపర్లో వాళ్ళ ఫొటోలు, బస్సులో, బజార్లో ఎక్కడ విన్నా వాళ్ళ ఊసే. తర్వాత ఊసు మారింది. దేశాన్ని ఏలే ఆయన్ని అందరూ పెద్దాయన అనేవారు. ఆ పెద్దాయన టీవీలోకొచ్చి, "దొంగలతో మాట్లాడుతున్నాం, ఓపిక పట్టండి" అన్నాడు. ఇక చూస్కోండి. చేతగానివాడని కొందరు, కాదు గట్టివాడని కొందరు, ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు కూడా కంచాల ముందు కొట్టుకున్నారు. ఆ గోలలో ఓడలో ఉన్నవాళ్ళ సంగతి ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఇక్కడ కుర్చీలో అతను పలచబడ్డాడు. ఛాతీలోంచి కుర్చీ వీపు చెక్కలు కనిపించడం మొదలైంది.

"నలుగురి నోళ్ళలో నానకపోతే మనిషి ఎలా నిలుస్తాడే?" అంది అత్తగారు, కొడుకు చెయ్యి పట్టుకోబోయి, బల్లనే పట్టుకుని. "నువ్వు రోజూ అంతమందితో మాట్లాడతావు కదా. ఒక్కళ్ళైనా వాడి మాట ఎత్తరా?"

ఎత్తరు. ఆమె పని ఫోన్లు చేసి జనాభిప్రాయం అడగడం. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని పొద్దస్తమానం ఒకటే ప్రశ్న. "బందీల విషయంలో పెద్దాయన తీరు మీకు నచ్చిందా? బాగా నచ్చింది, కొంత నచ్చింది, నచ్చలేదు, చెప్పలేను." గొంతులో కోపం, ఏడుపు, ఆశ ఏదీ పలకకూడదు. సొంత మాట ఒక్కటి కలపకూడదు. చివర్లో, "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని అడిగి, అవతలివాళ్ళు మాట్లాడేదాకా ఊరుకోవాలి. ఆ గదిలో ఆమె కంటే చప్పగా ప్రశ్న చదివేవాళ్ళు లేరని సూపర్‌వైజరు మెచ్చుకునేవాడు.

ఒకరోజు ఆ చివరి ప్రశ్నకి ఒకాయన అందుకున్నాడు. "చెప్పేదేముందమ్మా. దొంగలు ఎక్కేస్తుంటే ఆ ఓడలోవాళ్ళు ఏం చేస్తున్నారట? గాజులు తొడుక్కుని కూర్చున్నారా?"

ఆమె ఊరుకోవాలి. ఊరుకోలేకపోయింది.

"అందరూ కాదండీ. వంటాయన ఒకడు గరిటె తీసుకుని దొంగల నాయకుడి మొహం వాయగొట్టాడు."

"ఆఁ! నిజంగానా?"

"నిజమేనండీ. పేపర్లో రాలేదంతే."

ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకే తెలియదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, అతని ఛాతీలోంచి కుర్చీ చెక్కలు కనబడలేదు. అత్తగారు కొడుకు చెయ్యి చేతిలోకి తీసుకుని నిమురుతోంది. ఆమె గుమ్మంలోనే కూలబడి బావురుమంది.

అలా రుచి మరిగింది. మర్నాటి నుంచి చివరి ప్రశ్న రాగానే గరిటె కథ. ఒక దొంగ ఇద్దరయ్యారు, ఇద్దరు నలుగురయ్యారు. గరిటె విరిగితే పెనం అందుకున్నాడు. వినేవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు, వాళ్ళు మరికొంత కలిపారు. ఒకనాడు సూపర్‌వైజరే ఆమె దగ్గరికొచ్చాడు.

"గరిటె వీరుడు మీ ఆయనేనట కదా! మా బావమరిది చెప్పాడు. ఎంత దాపరికం అమ్మా నీది!"

ఆమె తల దించుకుంది. కథ ఎక్కడ పుట్టిందో అతనికి తెలియదని కాదు. తెలియనట్టు ఉండడమే అతనికి బాగుంది.

కుర్చీలో మనిషి రోజురోజుకీ నిటారుగా అవుతున్నాడు. వంగిన భుజాలు విచ్చుకున్నాయి, మెడ నిలబడింది. నిజం చెప్పొద్దూ, ఆమెకి ముచ్చటేసింది. అత్తగారు మాత్రం కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని చూసింది.

"వీడికి ఈ మీసం ఎప్పుడొచ్చిందే?"

"ఓడలో గీసుకునే తీరిక ఎక్కడుంటుంది అత్తయ్యా" అని ఆమె దాటేసింది.

ఆ తర్వాత ఫోన్లలో జవాబులు మారాయి. "నచ్చలేదు, నచ్చలేదు" అని ఒకటే మోత. "గరిటెతో ఒక్కడు అంత చేస్తే, ఇంత సైన్యాన్ని పెట్టుకుని బేరాలేంటండీ?" అని జనం నిలదీశారు. ఆ లెక్కలన్నీ పెద్దాయన దగ్గరికి వెళ్ళాయి. ఆయన మళ్ళీ టీవీలోకొచ్చాడు. ఈసారి గొంతు మారింది. "ఆ వంటవాడు బేరమాడాడా? లేదు. అలాంటి వీరులు మననుంచి కోరేది డబ్బు మూటలు కాదు, దెబ్బకి దెబ్బ!" చిన్నది చప్పట్లు కొట్టింది. ఆమె మాత్రం లేచి టీవీ కట్టేసింది.

మర్నాడు ఆఫీసులో గొంతు దాచుకోకుండా నిజం చెప్పడం మొదలుపెట్టింది. "ఆ గరిటె కథ అబద్ధమండీ. ఆయన భయస్తుడు. తుపాకులంటే వణికిపోతాడు. మాట్లాడి విడిపించమని చెప్పండి, మీకు దణ్ణం పెడతాను."

"సిగ్గులేదూ?" అంది అవతలి ఆవిడ. "ప్రాణానికి తెగించిన మనిషిని పిరికివాడంటావా? ఎవరే నువ్వు?"

"నేను ఆయన భార్యనండీ."

"అలాంటి మగాడి పెళ్ళాం ఇలా మాట్లాడదు" అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆమె ఆపలేదు. తిట్లు తింటూనే ఒక్కొక్కళ్ళకీ చెప్పుకుంటూ పోయింది. ఆఖరికి సూపర్‌వైజరు వచ్చి ఆమె చెవుల మీంచి హెడ్‌ఫోను తీసేశాడు. "సొంత మాటలు కలపకూడదని తెలుసు కదమ్మా" అన్నాడు. అబద్ధానికి అడ్డురాని నియమం నిజానికి వచ్చింది. ఆ పూటే ఉద్యోగం పోయింది.

సైన్యం ఓడ మీదికి వెళ్ళింది. దొంగల్ని మట్టుబెట్టారు, బందీల్ని విడిపించారు, దాదాపు అందరినీ. వంటవాడు దక్కలేదు. ఓడలో అతనికి సాయంగా ఉండే కుర్రాడు, ప్రాణాలతో బయటపడినవాడు, ఆస్పత్రి నుంచి ఆమెకి ఫోను చేశాడు.

"అక్కా, బావ పిండి బస్తాల వెనకాల దాక్కున్నాడు. బయటికి రావద్దని నేనే అన్నాను. కానీ వాళ్ళు రేడియోలో విన్నారక్కా. గరిటెవాడెవడు, వాడు ముందు రావాలి అని వెతుక్కుంటూ వచ్చారు." కాసేపు ఏడ్చాడు. "నేను కాదు, నేను ఎవర్నీ కొట్టలేదు అని బావ కాళ్ళు పట్టుకున్నాడక్కా. ఆ కథ ఎవడు పుట్టించాడోగానీ, వాడి నోరు పడిపోను."

ఆమె ఫోను చెవికి అలాగే ఆనించుకుని, కుర్చీ వైపు చూసింది. కుర్చీ కింద గుడ్డ పొడిగా ఉంది. అతని బట్టల్లోంచి నీళ్ళు కారడం ఆగిపోయింది. దేశమంతా అతని పేరే తలుచుకుంటోంది కాబట్టి మనిషి మాత్రం మునుపెన్నడూ లేనంత నిండుగా ఉన్నాడు. కుర్చీ కిర్రుమంటోంది. వెడల్పాటి ఛాతీ, మెలితిరిగిన మీసం. ఆమె ఆ మొహంలో ఉప్పు చాలిందో లేదో అడిగే మనిషి కోసం ఎంత వెతికినా దొరకలేదు.

"వీడు మావాడు కాదు" అని అత్తగారు తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

విడిపించిన పద్ధతి మీద కూడా గొడవ రేగింది. తొందరపడి చంపించాడని కొందరు పెద్దాయన మీద విరుచుకుపడ్డారు. ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి. అందుకని ఆయన కెమెరాలని వెంటేసుకుని పరామర్శకి వచ్చాడు. వీధి వీధంతా గుమ్మం దగ్గర మూగింది. ఆమె మాట సిద్ధంగా పెట్టుకుంది. మా ఆయన దొంగల కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు, ఆ కథ నేనే అల్లాను, మీరు ఇంకాస్త ఓపిక పట్టి ఉంటే ఇంటికొచ్చేవాడు. ఇంతే. చెప్పేసి, తర్వాత జనం రాళ్ళేసినా పడదామనుకుంది.

పెద్దాయన ఆమె ముందు చేతులు జోడించాడు. "చెప్పమ్మా. నా వల్ల తప్పు జరిగిందంటావా?"

కెమెరాలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఆమె నోరు తెరిచింది.

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇన్నాళ్ళూ కదలనివాడు లేచి నిలబడ్డాడు. మడమలు దగ్గరికి చేర్చి, ఛాతీ విరిచి, పెద్దాయనకి సెల్యూట్ కొట్టాడు.

వీధంతా చప్పట్లతో హోరెత్తిపోయింది. కెమెరాలు అటు తిరిగాయి. "అబద్ధం" అని ఆమె అరిచింది, "అది ఆయన కాదు, నా మాట వినండి" అని అరిచింది. కుట్టుమిషను పిన్ని కళ్ళొత్తుకుంటూ ఆమెని దగ్గరికి తీసుకుని, "ఊరుకోమ్మా, ఊరుకో, దుఃఖం అలాగే ఉంటుంది" అంది. సాయంత్రానికి ఆ సెల్యూట్ బొమ్మ టీవీల్లో ప్రతి ఇంట్లోకీ చేరింది. పెద్దాయన్ని తిట్టినవాళ్ళు నాలుక కరుచుకున్నారు. చచ్చినవాడే దణ్ణం పెడితే ఇంక అడగడానికి మనమెవరం అనుకున్నారు. ఆ ఎన్నికల్లో ఆయన్ని కదిలించగలిగినవాళ్ళు లేకపోయారు.

జనం వెళ్ళిపోయారు, తలుపులు మూశారు. అతను మాత్రం చెయ్యి దించలేదు. ఆమె దగ్గరికెళ్ళి ఆ మోచెయ్యి రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగింది. రాలేదు. బరువంతా వేసి వేలాడింది. ఆ చెయ్యి ఇసుమంత కూడా కదల్లేదు. అప్పుడు మెల్లగా అతని చెవిలో, "నేనే, నేనే చెప్పాను" అంది. అతను ఆమె తల మీదుగా, ఎటో చూస్తూ నిలబడే ఉన్నాడు.