నీళ్ళ బరువు

"ఉమ్మురా," అన్నాడు సాగర్.

ఉమ్మడానికి మాజ్ నోట్లో ఏమీ లేదు. పొద్దుటి నుంచీ నమిలిన నిమ్మతొక్క చేదు ఒక్కటే మిగిలింది. అయినా ప్రయత్నించాడు. చేతిలోని ఖాళీ సీసాలోకి సన్నటి దారంలా ఏదో జారింది. అందులో కొంచెం ఎరుపు ఉంది. పెదవి పగిలి కారిన నెత్తురు. నెత్తురుకీ బరువుంటుంది కనుక సాగర్ సంతోషించాడు.

"శభాష్. ఎగురు ఇంగ."

హైదరాబాదు కార్వాన్‌లోని ఒక బేకరీ వెనకగదిలో, పొద్దుటి రొట్టెలు దించిన భట్టీ ఇంకా చల్లారలేదు. దాని ఇనప తలుపు మీద చెమట చుక్క పడితే చుయ్యిమని మాయమవుతోంది. ఆ గదిలో మాజ్, బబ్లూ ఇద్దరూ ఒంటికి నల్లటి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, వాటి మీద చలికాలపు స్వెట్టర్లు తొడుక్కుని, తాడు తిప్పుతూ ఎగురుతున్నారు. కవర్లు మాజ్ తండ్రి దస్తగీర్ తెచ్చినవే. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి ట్రాలీ ఆటోలో పూలు మోసే మనిషి ఆయన. కొడుకు కాలేజీకి పనికొస్తాయంటే, ఏ పనికో అడగకుండా, దులిపి మడతపెట్టి మరీ ఇచ్చాడు. బంతిపూల వాసన ఇద్దరి చెమటలోనూ కలిసిపోయి, గది అంతా ఎవరికో దండ వేసినట్టుంది.

సాయంత్రం నాలుగింటికి తూకం. రేపు అంతర్ కళాశాలల కుస్తీ పోటీలు. మాజ్ మామూలుగా అరవై అయిదు కిలోల మనిషి. అరవై ఒకటిలో దిగాలి. బబ్లూ అరవై ఒకటి. యాభై ఏడులో దిగాలి. పదో తరగతివాణ్ణి ఏడో తరగతి పరీక్షకు కూర్చోబెడితే ఫస్టు వస్తాడు కదా అన్నది కరస్పాండెంట్ కైలాసం గారి క్రీడాశాస్త్రం. పిల్లవాడి మోకాళ్ళు బల్ల కింద పట్టవన్న సంగతి ఆయన పట్టించుకోలేదు.

ఆయన డిగ్రీ కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థీ ఏడాదికి రెండు వేలు క్రీడా రుసుం కడతాడు. ఆ డబ్బుతో ఏం ఆడతారని ఎవరూ అడగరు, ఎందుకంటే కాలేజీ మైదానంలో ఎప్పుడూ పెళ్ళిళ్ళే ఆడుతుంటాయి. ముహూర్తాల రోజుల్లో రాత్రికి అద్దె లక్షకు పైమాటే. కుస్తీ పరుపు కొంటామని మూడేళ్ళుగా చెబుతున్నారు. ఈలోగా పెళ్ళివాళ్ళు వదిలేసిన ఎర్ర తివాచీ సిమెంటు నేల మీద పరిచి దాని మీదే పడేస్తున్నారు పిల్లల్ని. పతకాలు మాత్రం రావాలి. బంగారు పతకానికి ఇంత, వెండికి ఇంత అని ఇచ్చే ఒక ఫంక్షన్ హాలు సేఠ్ ఉన్నాడు. పేపర్లో ఫోటో పడితే వచ్చే ఏడు అడ్మిషన్లు ఉన్నాయి. పతకం తెచ్చినవాడికి ఫీజు లేదు. తేనివాడు మొదటి సంవత్సరం నుంచీ అంతా కట్టాలి. అందాకా ఇంటర్ మెమో, టీసీ కాలేజీ బీరువాలో భద్రంగా ఉంటాయి.

"సార్," బబ్లూ తాడు ఆపకుండానే పిలిచాడు. వాడి గొంతు గరగరలాడుతోంది. "నన్ను గా భట్టీల పెట్టి తలుపెయ్యుండ్రి. అర్ధగంటల ఉస్మానియా బిస్కెట్ లెక్క బయటికొస్త."

మాజ్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వితే పెదవి చిరుగుతుందని ఆపుకున్నాడు. సాగర్ నడుము నుంచి బెల్టు తీసి బబ్లూ పిక్కల మీద ఒక్కటి వేశాడు.

"నోరు గాదు, కాళ్ళు ఆడియ్యి."

సాగర్ పుట్టు దుర్మార్గుడేం కాదు. ఒకప్పుడు ఇదే బస్తీ తాలీంఖానాలో మట్టి పూసుకుని కుస్తీ పట్టినవాడే. ఇప్పుడు కాలేజీలో పిల్లల్ని ఆడించే కాంట్రాక్టు పీడీ. జీతం పద్నాలుగు వేలు. దసరాకి ముందు నెలలవి కూడా ఇంకా రాలేదు. అడిగితే కైలాసం గారు చాలా మర్యాదగా, "పతకాలొచ్చినంక కలిపి తీస్కో సాగర్," అంటారు. ఆయన ఎవరినీ గొంతెత్తి తిట్టరు. తిట్టడానికి ఆయన కింద సాగర్ ఉన్నాడు. సాగర్ కింద వీళ్ళున్నారు. వీళ్ళ కింద సిమెంటు ఉంది.

"మాజ్ భాయ్," అన్నాడు బబ్లూ మెల్లగా, సాగర్ ఫోను చూసుకుంటున్నప్పుడు. "నిన్న మా అక్క బిడ్డ పుట్టినరోజు. కేక్ తిన్న."

"ఎంత?"

"ఒక ముక్క. అదీ చిన్నదే. పోరి నోట్లె పెట్టింది, ఎట్ల ఉమ్మాలె?"

"ఫికర్ జెయ్యకు."

"ఫికరైతే రెండు గోలీలేసుకున్న."

మాజ్ తాడు ఆగిపోయింది. సాగర్ సార్ మెడికల్ షాపు నుంచి తెచ్చి సగం సగం విరిచిచ్చిన మాత్రలవి. బీపీ ముసలివాళ్ళకు ఒంట్లో నీరు తీయడానికి ఇచ్చేవి. సగం వేసుకుంటేనే మాజ్‌కి రాత్రంతా పిక్కలు మెలిదిరిగాయి.

"రెండు సగాలా?"

"రెండు పూరా," అన్నాడు బబ్లూ. నేరం ఒప్పుకుంటున్నవాడిలా తల దించుకున్నాడు. ఒక కేకు ముక్క తిన్న నేరం.

ఆ మాట అన్న కాసేపటికే వాడి చేతిలో తాడు పాదాలకు చుట్టుకుంది. ఆగాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు.

"లెవ్వు," అన్నాడు సాగర్.

బబ్లూ లేవలేదు. బెల్టు వీపు మీద పడింది. ప్లాస్టిక్ కవరు చిట్లిన చప్పుడు. రెండోది పడింది. మూడోదానికి బబ్లూ ముందుకు తూలి, భట్టీ తలుపుకి నుదురు కొట్టుకుని పడ్డాడు. పడుతూ పడుతూ పట్టు కోసం తలుపు మీదే చెయ్యి వేశాడు. చర్మం కాలిన వాసన బంతిపూల వాసనను క్షణంలో మింగేసింది. వాడు అరవలేదు. అరవకపోవడం చూసే మాజ్‌కి భయం వేసింది.

నేల మీద బబ్లూ ఒళ్ళు విల్లులా వంగింది. మడమలు సిమెంటుకేసి టకటక కొట్టుకున్నాయి. నుదుటి నుంచి నెత్తురు చిక్కగా, నెమ్మదిగా కారుతోంది, నీళ్ళు లేని ఒంట్లో అదీ పొదుపుగా వస్తున్నట్టు.

"నీళ్ళు!" అంటూ మాజ్ తలుపు వైపు పరుగెత్తాడు.

సాగర్ అడ్డం నిలబడ్డాడు. "నువ్వెటు పోతున్నవ్? బయటికి పోతె చల్లగాలి, చెమట ఆగుతది. నువ్వు ఎగురు."

"వాడు సస్తుండు సార్!"

చెంప పేలింది. మళ్ళీ పేలింది. మాజ్ పక్కకు తప్పుకోబోతే సాగర్ వాడి కడుపులో మోకాలితో పొడిచాడు. మాజ్ పిండి బస్తాల మీద పడ్డాడు. లేవబోతే బెల్టు బకిల్ చెవి మీద తగిలి లోకమంతా ఈలవేసింది. తిరిగి కొట్టాలన్న ఊహ వాడికి రాలేదు. ఉస్తాద్ చెయ్యి లేపితే శిష్యుడు తల వంచాలి. తాలీంలో పట్లు నేర్పే ముందు నేర్పేది అదే. అరవై అయిదు కిలోల మనిషిని భుజం మీదుగా విసరగలవాడు, ఆ చేతి కింద చంటిపిల్లవాడిలా ముడుచుకున్నాడు.

కొట్టి కొట్టి సాగర్ చేతులే అలిసిపోయాయి. అప్పుడు బబ్లూ వైపు సరిగ్గా చూశాడు. కైలాసం గారికి ఫోను చేసి, స్పీకరులో పెట్టి, బబ్లూ నాలుక కొరుక్కోకుండా తువ్వాలు నోట్లో దూర్చాడు.

"108కు చెయ్యకు సాగర్," ఫోనులో కైలాసం గారి గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "చేస్తె పోలీసోళ్ళు, పేపరోళ్ళు, మస్తు లొల్లి. బైక్ మీదికెల్లి పడ్డడని చెప్పి మనకు తెల్సిన నర్సింగ్ హోమ్‌కు తోలు. పాపం, మంచి పిలగాడు." కొంచెం ఆగి అడిగారు. "ఇంగ గా రెండో ఆయన ఎంతున్నడు?"

"అరవై ఒకటికి వచ్చినట్టే సార్."

"మంచిది."

వాళ్ళను తూకానికి తీసుకెళ్ళడానికి దస్తగీర్ బయట ట్రాలీతో సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుందామనుకున్నవాడు, ఒకణ్ణి గోనెపట్టాల మీద పడుకోబెట్టాల్సి వచ్చింది.

"అయ్యో, ఏమైంది సార్?"

"బైక్ మీదికెల్లి పడ్డడు చాచా. నర్సింగ్ హోమ్‌కు జల్ది పో."

దస్తగీర్ చుట్టూ చూశాడు. బైక్ ఎక్కడా లేదు. బబ్లూ చేతి చర్మం చూశాడు. తర్వాత కొడుకు వాచిన చెంప చూశాడు.

"నీ మొహానికేమైందిరా?"

మాజ్ నోరు తెరవబోయాడు. నాలుక అంగిట్లో అంటుకుపోయింది.

"సార్ కొట్టిండా?" తండ్రి గొంతు తగ్గించాడు. "కొడితె కొట్టిండులే బేటా. ఉస్తాద్ కద." ఆ మాట కొడుక్కి చెప్పాడో తనకే చెప్పుకున్నాడో, ఇంకెవరి మొహమూ చూడకుండా ట్రాలీ స్టార్ట్ చేశాడు.

మాజ్ ట్రాలీ ఎక్కబోయాడు. సాగర్ కాలరు పట్టి కిందికి లాగి తన స్కూటర్ ఎక్కించుకున్నాడు.

తూకం హాల్లో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. కాలేజీలవారీగా పిల్లలు వరసలో నిలబడ్డారు. అందరి పెదవులూ తెల్లగా, అందరి కళ్ళూ గుంటల్లో. కరువు ప్రాంతం నుంచి వలసొచ్చినట్టున్న ఆ గుంపుని చూస్తే రాష్ట్రంలో బలవంతులు వీళ్ళేనని ఎవరూ నమ్మరు. కైలాసం గారు ముందు వరసలో కూర్చున్నారు. పక్కన సేఠ్, సేఠ్ పక్కన ఫోటోగ్రాఫరు.

తూకం బల్ల దగ్గర విమలాదేవి అనే అధికారిణి కళ్ళజోడు సర్దుకుంది. "యాభై ఏడు. బబ్లూ సింగ్?"

"బైక్ యాక్సిడెంట్ మేడమ్. చిన్నదే," అన్నాడు సాగర్.

ఆమె ఆ పేరు కొట్టివేసింది. "అరవై ఒకటి. మాజ్?"

అప్పుడే మాజ్ జేబులో ఫోను మోగింది. సాగర్ వద్దన్నట్టు చూశాడు. మాజ్ ఎత్తాడు.

"బేటా," తండ్రి గొంతు వెనక హారన్లు మోగుతున్నాయి. "నర్సింగ్ హోమ్‌ల తీస్కోలే. కేస్ మాకొద్దు, పెద్ద దవాఖానకు పోండ్రి అన్నరు. నయాపూల్ మీద ట్రాఫిక్‌ల ఇరుక్కున్న. పోరడు ఇందాకటి దాంక నీళ్ళు నీళ్ళు అంటుండె. ఇప్పుడు గది గూడ అంటలేడు. నేనేం జెయ్యాలె బేటా? ఉస్తాద్‌ను అడుగు."

మాజ్ ఫోను దించాడు. ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ తూకపు యంత్రం వైపు చూస్తున్నాడు.

"జల్ది ఎక్కు బాబూ," అంది విమలాదేవి.

ఆమె ముందు బల్ల మీద లీటరు నీళ్ళ సీసా ఉంది. చల్లటిది. ఒళ్ళంతా చెమర్చి ఉంది. మాజ్ దాన్ని అందుకుని మూత తిప్పాడు.

"ఏయ్!" సాగర్ ఒక్క ఉదుటున వచ్చి సీసా మీద చెయ్యి వేశాడు. రెండో చెయ్యి చెంప మీదికి లేచింది.

ఆ లేచిన చెయ్యి దిగలేదు. మాజ్ దాన్ని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. మెలితిప్పలేదు, విసరలేదు. ఊరికే పట్టుకున్నాడు, ఎముక తెలిసేంత గట్టిగా. సాగర్ గింజుకున్నాడు. హాలంతా చూస్తుండగా గింజుకున్నాడు. శిష్యుడి పట్టు ఎంత మంచిదో ఉస్తాద్‌కి ఆ రోజే తెలిసినట్టుంది. సీసా మీది చెయ్యి తనంతట తనే వదిలేసింది.

మాజ్ తాగాడు. మొదటి గుక్క గొంతులో ముళ్ళులా దిగింది. పెదవి చీలి నెత్తురు నీళ్ళలో కలిసింది. ఆగకుండా తాగాడు. గడ్డం మీంచి కారిన నీళ్ళు స్వెట్టరు మెడలోంచి కింది ప్లాస్టిక్ కవరు మీద టపటపా పడ్డాయి. సీసా సగానికి పైగా దిగాక దాన్ని బల్ల మీద పెట్టి, స్వెట్టరూ కవరూ విప్పేసి యంత్రం ఎక్కి నిలబడ్డాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి అరవై ఒకటి దాటి ఆగాయి.

"ఓవర్," అంది విమలాదేవి. పెన్ను కింద పెట్టి మాజ్ వైపు చూసింది. "ఎందుకిట్ల చేసినవ్ బాబూ?"

"బబ్లూ బైక్ మీదికెల్లి పడలే మేడమ్," అన్నాడు మాజ్. తడిసిన నాలుక మీద మాట స్పష్టంగా వచ్చింది. "బరువు దించనీకి భట్టీ గదిల ఎగురుతుంటె పడ్డడు. మేమిద్దరం గాడ్నుంచే వచ్చినం. రాసుకోండ్రి."

ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. సేఠ్ వాడి మోచెయ్యి పట్టి దించాడు. కైలాసం గారు లేచి దగ్గరికి వచ్చారు. నవ్వుతూనే, చెవి దగ్గర చెప్పారు.

"నీ మెమో, టీసీ నా బీరువాలున్నయ్ బేటా. ఒకపారి ఆలోచించుకో."

"ఉండనియ్యుండ్రి సార్," అన్నాడు మాజ్. "గవేం నీళ్ళడుగయి."

యంత్రం దిగి, స్వెట్టరు తగిలించుకుని, మిగిలిన నీళ్ళ సీసా అందుకున్నాడు. నయాపూల్‌కి ఎంత త్వరగా పోగలడో లెక్క వేసుకుంటూ రెండడుగులు వేసి ఆగాడు. వరసలో తన వెనక నిలబడ్డవాడు వేరే కాలేజీ కుర్రాడు. ఎవరో తెలియదు. చొక్కా కింద వాడికీ ప్లాస్టిక్ గరగరలాడుతోంది. వాడు మాజ్ మొహం చూడట్లేదు. సీసా చూస్తున్నాడు.

మాజ్ సీసాను వాడి ముందుకు చాపాడు.

"ఏయ్, ముట్టుకున్నవంటే చూడు!" వాడి కోచ్ గోడ దగ్గర నుంచి అరిచాడు. అరుస్తూనే నడుము బెల్టు మీద చెయ్యి వేశాడు.

కుర్రాడు కోచ్ వైపు తిరిగాడు. మళ్ళీ సీసా వైపు తిరిగాడు. వాడి గొంతు పైకీ కిందికీ కదిలింది, మింగడానికి ఏమీ లేకుండానే. వాడి వెనక వరసంతా కదలకుండా చూస్తోంది. వాడి కుడి చెయ్యి తొడ మీంచి సీసా వైపు కొంచెం లేచి, అక్కడే గాలిలో నిలిచింది.