మూడొందల మంది, ఒక్క ఖాతా

మునిగిన బ్యాంకును ప్రభుత్వం గట్టెక్కించింది. తలుపులు తెరిచిన రోజే, దాన్ని ముంచిన పెద్దమనుషులు మేనేజరు గదిలో టీ తాగి, తమ డబ్బు తాము తీసుకుని వెళ్లిపోయారు. ఆస్పత్రి లాండ్రీ ఆడవాళ్ల వంతు వచ్చేసరికి గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కో పేరుకు ఇంతవరకే అని ప్రభుత్వ హామీ ఉందమ్మా. అదైనా విచారణ అయ్యాక, నెల రోజులకి వస్తుంది. మిగతాది బ్యాంకు వాటాలుగా మార్చేశారు."

లాండ్రీలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె పాసుపుస్తకాన్ని మళ్లీ ముందుకు తోసింది. ఖాతా ఆమె పేరు మీదే ఉంది. మూడొందల మంది ఎనిమిదేళ్లు నోరు కట్టుకుని దాచిన సొమ్ము అది. విడివిడిగా ఉంటే లాండ్రీ యజమాని ఒక్కొక్కరినీ లొంగదీస్తాడని, అంతా ఒకేచోట వేయించింది ఆమే. విడిగా వేసుకుని ఉంటే ప్రతి పైసాకూ హామీ ఉండేది. ఇస్త్రీ యంత్రంలో చెయ్యి నలిగిన ఆమె చెల్లెలికి శుక్రవారంలోగా ఆపరేషను జరగాలి. లేకపోతే చెయ్యి తీసేస్తామన్నారు. దానికీ ఆ డబ్బే దిక్కు.

సాయంత్రం తడిదుప్పట్ల మధ్య అందరూ చేరారు.

"కలిసుందాం కలిసుందాం అన్నావు. కలిసే మునిగాం," అంది ముసలి ఉతుకుడామె.

"తప్పు నాదే. తిట్టండి, పడతాను."

"అక్కని తిడితే ఏమొస్తుంది?" అంది దుప్పట్లు మడిచే పిల్ల. "ముంచినోళ్లు బాగానే ఉన్నారు. వాళ్ల బ్యాంకుని లేపడానికి మనల్ని తొక్కారు. నెలనెలా డబ్బు కట్టిన చీటీలు మన దగ్గర ఉన్నాయి కదా. ఎవరి చీటీ వాళ్లు పట్టుకుని అడుగుదాం. ఇచ్చేదాకా వరస వదలొద్దు."

మర్నాడు బుధవారం. మూడొందల మంది వరసకట్టారు. ఒక్కొక్కరే చీటీ చూపించడం, గుమాస్తా కాదనడం, ఆమె వెళ్లి మళ్లీ చివర నిలబడడం. బ్యాంకులో ఇంకో పని సాగలేదు. ఉద్యోగాలు పీకేస్తానని యజమాని వచ్చి అరిచాడు. ఎవరూ కదల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి చెల్లెలి మొగుడు వచ్చాడు.

"తీసేశారు వదినా."

పెద్దక్క కౌంటరు ముందే కూలబడి గొల్లుమంది. బ్యాంకు మునిగితే దేశం మునుగుతుందని దాన్ని గట్టెక్కించిన వాళ్లెవరికీ ఆ ఏడుపు వినపడలేదు. వచ్చింది పోలీసులే.

"ఖాతా ఎవరిది?"

"నా పేరు మీదే ఉంది," అంటూ ఆమె లేచింది. రెక్క పట్టుకుని లాక్కెళ్లారు.

కౌంటరు ముందు ఒక మనిషంత ఖాళీ ఏర్పడింది. ముసలి ఉతుకుడామె ముందుకు జరిగి, నానిపోయిన వేళ్లతో తన చీటీ బల్ల మీద పెట్టింది.

"ముందు ఆమెను వదిలిపెట్టమను. తర్వాత నా డబ్బు సంగతి చూద్దాం."