ముసలమ్మ దగ్గర ఎడమకి

పుస్తకాల కట్టలు ఆఫీసుకు వచ్చింది ఓ మంగళవారం ఉదయం. అటెండరు కట్టతాడు తెంపి, పైనున్న పుస్తకాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"చూడండి బాటలమ్మా, మీ బావగారి ఫొటో ఎంత బాగా పడిందో!"

అట్ట మీద బావ నవ్వుతున్నాడు. మెడలో బైనాక్యులర్, నెత్తిన కొత్త టోపీ, వెనకాల చెరువు. 'పిల్లాపాపలతో నడిచే దారులు' అన్న పేరు కింద పెద్ద అక్షరాల్లో అతని పేరు. ఆమె లోపలి పేజీ తిప్పింది. మొదటి వాక్యం తనది. రెండోదీ తనదే. చెరువుగట్టు మీద పసిపిల్లల బండి ఎక్కడిదాకా వెళ్తుందో, ఏడేళ్ల పిల్లకు ఎక్కడ కాళ్లు నొప్పెడతాయో, నది ఒడ్డున కూర్చోడానికి ఏ బండరాయి చల్లగా ఉంటుందో, అన్నీ తను రాసుకున్నవే. చివరి పేజీలో మాత్రం ఒక కొత్త వాక్యం కనిపించింది: 'చిన్నచిన్న పనుల్లో సాయపడిన కిందిస్థాయి సిబ్బందికి కృతజ్ఞతలు.'

పదకొండేళ్లుగా ఆమె నడకదారుల శాఖలో పనిచేస్తోంది. చెట్లకు పసుపు బాణాలు గీయడం, కర్రవంతెనలకు మేకులు కొట్టడం, దారికి అడ్డంపడ్డ కొమ్మలు కొట్టి పక్కకు లాగడం ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో బాటలమ్మ అన్న పేరు. ఆ శాఖకు అధికారి అక్క మొగుడు. నిరుడు ఆయనే ఇంటికి వచ్చి, "నీ నోటుపుస్తకాలన్నీ ఇవ్వమ్మా, టైపు చేయించి భద్రంగా పెడతాను" అన్నాడు. ఆమె మురిసిపోయి ఆరు పుస్తకాలూ సంచీలో పెట్టి ఇచ్చింది.

తిన్నగా అతని గదిలోకి వెళ్లింది.

"బావగారూ, ఇదేంటి?"

"బాగుంది కదూ?" అన్నాడు కాగితాల మీంచి తలెత్తకుండానే.

"నా పేరేది?"

"మనలో మనకు పేర్లేంటమ్మా? బాణాలు గీసే మనిషి రాసిందంటే ఎవరైనా చదువుతారా? ఆఫీసరు పేరుంటేనే విలువ." అప్పుడు తలెత్తాడు. "అయినా నీకీ ఉద్యోగం ఇప్పించిందెవరు?"

ఆమె పుస్తకం పట్టుకుని బయటికి వచ్చేసింది. పదకొండేళ్లుగా ఏ చిన్న సందర్భం వచ్చినా ఆ మాట వినపడుతూనే ఉంది. అక్కకు ఫోన్ చేస్తే, "ఎవరి పేరైతేనేం, మనింట్లోదేగా?" అంది.

సాయంత్రం ఇంటికి వచ్చి, వంటగదిలో బల్ల ముందు కూర్చుని, పుస్తకం మొదటి నుంచి చదివింది. నాలుగో అధ్యాయంలో ఆగిపోయింది.

ఆమె తన గుర్తుకోసం చెట్లకు ముద్దుపేర్లు పెట్టుకుంది. గూనితో వంగిపోయినట్టుండే చెట్టు 'ముసలమ్మ'. దారి మీదికి తూలి ఒరిగిపోయిన చెట్టు 'తాగుబోతు'. నోటుపుస్తకంలో 'ముసలమ్మ దగ్గర ఎడమకి తిరగాలి' అనీ, 'తాగుబోతు దగ్గర తల వంచుకుని వెళ్లాలి' అనీ రాసుకుంది. అచ్చులో అవి ఇలా ఉన్నాయి: 'కొంతదూరం నడిచాక ఒక ముసలమ్మ కాఫీకొట్టు వస్తుంది, అక్కడ ఎడమకి తిరగండి.' ఆ తర్వాత: 'ఈ ప్రాంతంలో తాగుబోతుల బెడద ఉన్నది. కుటుంబాలతో వెళ్లేవారు తల వంచుకుని త్వరగా దాటిపోవడం మంచిది.'

ఆమె పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాక లోపల ఏదో చల్లబడింది. బావ ఆ దారిలో చెరువుగట్టు దాటి ఒక్క అడుగు వేసిన పాపాన పోలేదు. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం, పుస్తకం విడుదల సందర్భంగా, రచయితే స్వయంగా కుటుంబాలను ఆ దారిలో నడిపిస్తాడని నోటీసు బోర్డు మీద అంటించారు.

"రా బావా, రా" అనుకుంది.

మర్నాడే దరఖాస్తు పెట్టింది. ఏటా ఈ నెలలోనే పాత బాణాలు గీకేసి కొత్త రంగు వేయడం మామూలు. బావ ఫోన్లో మాట్లాడుతూ, చదవకుండానే సంతకం గీకాడు. మూడు రోజుల పాటు ఆమె ఇనుపబ్రష్ పట్టుకుని చెరువు నుంచి నది దాకా ఒక్కొక్క బాణాన్నీ తుడిచేసింది. ఇంత ఇష్టంగా ఆమె ఏ పనీ చేసి ఎరగదు. రంగు డబ్బా మాత్రం తెరవలేదు.

ముసలమ్మ దగ్గర ఎడమకి తిరగకుండా తిన్నగా పోతే రెల్లుపొదల బురద వస్తుంది. ఆమె కర్ర దింపి పది చోట్ల కొలిచింది. ఎక్కడా మోకాలు దాటలేదు. పిల్లలకు ఏ ప్రమాదమూ రాకూడదు. బావ పరువు మాత్రం నిలువునా మునగాలి.

ఆదివారం పొద్దున్న నలభైమంది దాకా వచ్చారు. తాతలు, బామ్మలు, పసిపిల్లల బండ్లు తోసుకుంటూ తల్లులు, ఒక పత్రిక విలేకరి, పై ఆఫీసు నుంచి డైరెక్టరమ్మ తన మనవడితో. అక్కకు ఒంట్లో బాగాలేదట, కూతుర్ని మాత్రం పంపింది. తొమ్మిదేళ్ల ఆ పిల్లను బాటలమ్మ 'పిచ్చుక' అంటుంది.

"పిన్నీ, నాతో ముందుకు రా!" అని చెయ్యి పట్టుకు లాగింది పిచ్చుక.

"నువ్వు మీ నాన్నతో ఉండు. నేను వెనకాల వస్తా."

చెరువు దాకా అంతా సాఫీగా సాగింది. గట్టు మీద ఒకటే దారి. బావ బాతుల్ని చూపించి నాలుగు ముక్కలు చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. అడవిలో అడుగుపెట్టాక అతని నడక నెమ్మదించింది. చెట్ల బోదెల వంక చూశాడు. బాణాల్లేవు. చేతిలో పుస్తకం తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"కాఫీకొట్టు ఎంత దూరమండీ?" అని ఒక తాతగారు అడిగాడు.

"ఇక్కడే... ఇక్కడే ఉండాలి."

గూనిచెట్టు పక్కనుంచే నడిచాడు. దాని కొమ్మ అతని టోపీకి తగిలింది. ఆమె వెనక నుంచి చూస్తూ పెదవి కొరుక్కుంది, నవ్వు బయటికి రాకుండా.

తాతగారు ఊరుకునే రకం కాదు. నడుస్తూనే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "ఈ ప్రాంతంలో తాగుబోతుల బెడద... ఏమండీ! పిల్లల్ని వేసుకుని వచ్చాం!"

తల్లులు పిల్లల చేతులు పట్టుకున్నారు. బావ తడబడ్డాడు.

"అదంతా పాత సంగతండీ. పోలీసులకు చెప్పి వాళ్లందర్నీ ఖాళీ చేయించాను."

విలేకరి రాసుకున్నాడు. ఆమెకు ఆ క్షణం తేనె తాగినట్టుంది. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు, అని మనసులో అతన్ని ఎగదోసింది.

రెల్లుపొదలు వచ్చాయి. ఆమె ముందుకు వచ్చి దారికి అడ్డంగా నిలబడి, "పిల్లలెవరూ ఇక్కడి నుంచి ముందుకు కదలకండి" అంది. బావకది అవమానంగా తోచింది.

"ఏం పరవాలేదు, ఇదే నది దారి. ఈ దారిలో ఎన్నిసార్లు నడిచానో!" అంటూ రెల్లు పక్కకు తోసి నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగులో మోకాళ్ల దాకా దిగిపోయాడు. కాలు లాగబోతే బూటు లోపలే ఉండిపోయింది. రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ నిలబడ్డాడు. పుస్తకం బురదలో పడింది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. డైరెక్టరమ్మ నవ్వలేదు.

బాటలమ్మ గట్టినేల అంచుకు వెళ్లి చెయ్యి చాపింది. అతను అందుకోబోయేసరికి వెనక్కి తీసుకుంది.

"ఈ దారిలో నడిచిందెవరు బావగారూ?"

"చెయ్యివ్వు" అన్నాడు పళ్లు బిగించి.

"చెప్పండి."

"అందరూ చూస్తున్నారు."

"అందుకే అడుగుతున్నా. నడిచిందెవరు? రాసిందెవరు?"

అతను చుట్టూ చూశాడు. నలభైమందీ అతన్నే చూస్తున్నారు. బురదలోంచి బుడగలు వస్తున్నాయి.

"నువ్వే" అన్నాడు.

"వినపడలేదు."

"నువ్వే! నువ్వే నడిచావు, నువ్వే రాశావు. ఇప్పుడైనా చెయ్యివ్వు!"

అప్పుడు ఇచ్చింది. ఒక్క లాగుతో గట్టినేల మీదికి లాగింది. తర్వాత అందర్నీ వెనక్కి తిప్పి గూనిచెట్టు దగ్గరకు తెచ్చి, "ముసలమ్మ అంటే ఈవిడండీ" అని పరిచయం చేసింది. తాతగారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. పసిపిల్లల బండ్లు కూడా జారకుండా అందరినీ నది దాకా తీసుకెళ్లింది. పిల్లలు నీళ్లలో కాళ్లు పెట్టి ఆడుకున్నారు. డైరెక్టరమ్మ ఆమె పక్కన బండ మీద కూర్చుని ఆ ఆరు నోటుపుస్తకాల గురించి అంతా అడిగి తెలుసుకుంది.

పిచ్చుక మాత్రం నీళ్లలో దిగలేదు. తండ్రి పక్కన కూర్చుని, తన చేతిరుమాలు తడిపి అతని పాదానికంటిన బురద తుడుస్తోంది. బాటలమ్మ దగ్గరకు వెళ్లేసరికి తలెత్తింది.

"నీకు ముందే తెలుసా పిన్నీ? నాన్న అందులో పడతాడని?"

అబద్ధం చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"తెలుసు."

పిల్ల మళ్లీ తల దించుకుని తుడవడంలో పడిపోయింది. ఆ తర్వాత ఆ రోజు ఆమెతో మాట్లాడలేదు.

నెల తిరక్కుండానే పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించారు. బావను పాత ఫైళ్ల విభాగానికి మార్చారు. కొత్త ముద్రణ ఆమె పేరుతో వచ్చింది. ఇద్దరి పేర్లూ వేద్దామని పైనుంచి ఎవరో అంటే, "అయితే నా పేరు తీసేయండి" అంది. అతని పేరే తీసేశారు.

కొత్త ముద్రణ వచ్చిన వారం, శనివారం నాడు అక్క వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"ఆయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. స్కూల్లో పిల్లలు మా అమ్మాయిని బురదబాబు కూతురు అంటున్నారట. ఇప్పుడు నీ కడుపు నిండిందా?"

బాటలమ్మ అక్క మొహంలోకి చూసింది. పదకొండేళ్లలో మొదటిసారి చూపు దించుకోవాలనిపించలేదు.

"నిండిందక్కా."

"సిగ్గులేదూ ఆ మాట అనడానికి?"

"పిల్ల విషయంలో ఉంది. వచ్చి దాని కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఆయన విషయంలో లేదు. మళ్లీ చేయాల్సి వస్తే మళ్లీ చేస్తాను. ఆ రోజు నేను ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట నా తరఫున అని ఉంటే, నేను బ్రష్ పట్టుకునేదాన్ని కాదు."

 అక్క చేతిసంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"పిల్లను నీ దగ్గరికి ఎప్పుడు పంపమంటావు?"

"వస్తానని అదే అడిగినప్పుడు."

"అడగదు. నాకు తెలుసు, మొండిఘటం. నీ పోలికే." అక్క రెండు మెట్లు దిగింది. "నేనూ వెళ్లమని చెప్పను దానికి. అది నువ్వే తేల్చుకో."

గేటు చప్పుడయ్యాక కూడా ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. తర్వాత లోపలికి వెళ్లి, కాగితం తీసుకుని, పిల్లకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. మొదటి వాక్యం కోసమే గంట పట్టింది.