మంచం నుంచి వంటింటి దాకా

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నలభై మూడేళ్ళ మా కోడలు అకౌంట్స్ కోర్సులో చేరతానన్న మాట నాతో నేరుగా అనకుండా మా వాడి చేత చెప్పించింది. నేను ఊరుకుంటానా? మంచంలో ఉన్నదాన్నే గానీ ఒంటికాలి మీద లేచాను. "ఈ వయసులో పరీక్షలు రాసి ఎవర్ని ఉద్ధరించాలట?"

"నన్ను నేనే అత్తయ్యా," అంది వంటింట్లోంచి. గిన్నెలు తోమడం ఆపలేదు.

ఎనిమిదేళ్ళ కిందట నేను బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. అప్పుడామె ఒక టైర్ల కంపెనీలో లెక్కలు చూసేది. నా కోసం నెల రోజులు సెలవు పెట్టింది. ఆ నెల కాస్తా ఎనిమిదేళ్ళయింది. లేపడం, స్నానం చేయించడం, భుజం పట్టి నడిపించడం, అన్నీ తనే. ఒక్కరోజు విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఈలోగా ఆమె కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. చేత్తో రాసే లెక్కలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి. మళ్ళీ ఉద్యోగం కావాలంటే కొత్తగా సర్టిఫికెట్ ఉండాలన్నారు. ఉద్యోగం దొరికాక పగటిపూట నా దగ్గర ఉండటానికి ఎవరినైనా పెట్టుకుందామనుకున్నారు.

ఇంటి నుంచే చదివే ఆ కోర్సులో చేరి, పొద్దున్నే మా వాడు డ్యూటీకి వెళ్ళగానే నా మంచం పక్కన స్టూలు వేసుకుని చదివేది. పుస్తకం నా చేతికిచ్చి ప్రశ్నలు అడగమనేది. తప్పు చెబితే "గోడకుర్చీ వెయ్యి" అని బెదిరించేదాన్ని. పకపకా నవ్వేది. నిజం చెప్పొద్దూ, ఆ ఏడాదంతా నాకు బాగా పొద్దుపోయింది.

ఒకరోజు, "పాత లెక్కలో తప్పు బయటపడితే ఏం చెయ్యాలి?" అని చదివాను.

"పాత పేజీ దిద్దకూడదు, చింపకూడదు. తప్పు దొరికిన రోజు తేదీ వేసి, అది తప్పు, ఇది సరైనది అని కొత్తగా రాయాలి. అంతే కదా అత్తయ్యా?"

పుస్తకం మూసేశాను. మంచినీళ్ళు తెమ్మన్నాను. పాపం, పరుగున వెళ్ళి తెచ్చింది.

ఎందుకంటే నా అంతట నేను నడవగలను. రెండో ఏడాది చివర్లో, ఆమె కూరగాయలకు వెళ్ళినప్పుడు, గోడ పట్టుకుని లేచి వంటింటి దాకా వెళ్ళొచ్చాను. ఆమె రాగానే చెబుదామనుకున్నాను. వచ్చీ రాగానే దిండు సర్ది, నా జుట్టు దువ్వి జడ వేసింది. నడుస్తానని చెబితే మర్నాడే ఆఫీసుకు వెళ్ళిపోతుంది. నాలుగు గోడల మధ్య గడియారం చూసుకుంటూ నేనొక్కదాన్నే ఉండాలి. భయమేసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. అలా ఆరేళ్ళు గడిచాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం దొంగలా నడిచేదాన్ని.

కోడలు పాసయింది. అట్టపెట్టెలు చేసే కంపెనీలో ఉద్యోగం ఇస్తామన్నారు. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఏ సంగతీ చెప్పాలి, సోమవారం చేరాలి. నన్ను చూసుకునే మనిషి కోసం వారమంతా తిరిగారు. ఎవరూ దొరకలేదు.

శుక్రవారం నాలుగున్నరకు ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రానని చెప్పేస్తానత్తయ్యా. మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్తాను? ఇంకెప్పుడైనా చూద్దాంలెండి."

"ఆగు," అన్నాను. దుప్పటి తీసి లేచి నిలబడ్డాను. ఒక్క ఉదుటున వచ్చి భుజం పట్టుకోబోయింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. వంటింటి దాకా నడిచి, తిరిగొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"అత్తయ్యా! నడిచేశారు!" అంటూ నా రెండు చేతులూ పట్టేసుకుంది. ఏడుస్తూ నవ్వుతోంది. అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. ఆమె నమ్మేసేది, నా పరువూ దక్కేది. కానీ ఆ ముఖం చూశాక నా వల్ల కాలేదు.

"ఇవాళ కాదమ్మా. ఆరేళ్ళ నుంచీ నడుస్తున్నాను."

నా చేతులు వదిలేసింది. స్టూలు మీద కూర్చుంది. ఫోను తీసి, "సోమవారం వస్తానండీ, తప్పకుండా," అని చెప్పి పెట్టేసింది.

"తిట్టవే! నోరారా తిట్టు!" అన్నాను.

తిట్టలేదు. నేలకేసి చూస్తూ మెల్లిగా అంది. "మూడేళ్ళ కిందట మా అమ్మ చావుబతుకుల్లో ఉన్నప్పుడు, రెండు రోజులే ఉన్నానత్తయ్యా. మీరు లేవలేరని తిరిగొచ్చేశాను. ఆ రాత్రే పోయింది."

నాకు గుర్తుంది. రమ్మని నేననలేదు. మా వాడు పక్కనే ఉన్నా ఫోను చేసి, బాత్రూముకు వెళ్ళడం కష్టంగా ఉందని మాత్రం చెప్పాను.