పులుపు నీళ్ళు, సోడా నీళ్ళు

లేయా బీరకాయ ముక్కలు ఉడికించిన నీళ్ళు పెరట్లో పారబోసి, గిన్నెలో మళ్ళీ మంచినీళ్ళు పోసి పొయ్యి మీదికెక్కించింది. ఇంకోసారి ఉడికించి, ఆ నీళ్ళూ వంపేయాలి. సారమంతా పోతే తప్ప ఆ కూర సువర్ణరాజుకు పెట్టకూడదు. అతని మూత్రపిండాలు పాడయ్యాక ఆ ఇంట్లో వంటంటే పారబోయడమే అయింది.

సువర్ణరాజు అరుగు మీద కూర్చుని అంటుకత్తి నూరుకుంటున్నాడు. ఎడమ మణికట్టు దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది. బెజవాడ ఆసుపత్రిలో, రక్తం కడిగే యంత్రం కోసం ఆ చేతి రక్తనాళాలు రెండు కలిపి కుట్టిన రోజున, "ఊరందరికీ నేను అంటు కడితే, డాక్టరుగారు నాకే కట్టారే" అని నవ్వాడు. మొహం బూడిదరంగుకు తిరిగినా, నవ్వితే కనబడే ఆ పళ్ళసందు మాత్రం పెళ్ళినాటిదే.

"కూరేంటి?"

"బీరకాయ."

"బీరకాయేనా, దాని దయ్యమా?"

"నోరుమూసుకుని తిను."

ఆగిరిపల్లి రోడ్డులో మామిడి నర్సరీ. మీసాలు రాకముందే అందులో పనికి కుదిరాడు. కుండీలో మొక్కను తల్లిచెట్టు కొమ్మ పక్కకు చేర్చి, రెండింటి బెరడూ చెక్కి, గాయానికి గాయం ఆనించి కట్టు కడతాడు. అతుక్కున్నాక అంటును తల్లికొమ్మ నుంచి కోసి వేరు చేయాలి. ఆ కోత మాత్రం ఎప్పుడూ ఇంకొకరికి అప్పగించేవాడు. కట్టిన చేత్తో కోయలేననేవాడు.

వారానికి రెండుసార్లు బెజవాడ ప్రయాణం. నర్సరీ యజమాని దయవల్ల అది సాగుతోంది. యంత్రంలో రక్తం ఒక పక్కా, మందు కలిపిన నీళ్ళు ఒక పక్కా పారతాయి. రక్తంలో మురికిని ఆ నీళ్ళు లాక్కుంటాయి. మొదట్నుంచీ వాడిన నీళ్ళతో అతనికి సగంలోనే వాంతులయ్యేవి, తల పగిలిపోయేది, బీపీ పడిపోయేది. తిరుగు బస్సులో లేయా ఒళ్ళో తలపెట్టుకుని ఊరు చేరేవాడు. ఈ వేసవిలో డాక్టరు కొత్తరకం నీళ్ళు తెప్పించారు. కొన్నాళ్ళు అవీ, కొన్నాళ్ళు ఇవీ పెట్టి, ఏవి ఒంటికి పడుతున్నాయో పోల్చి చూస్తున్నారు.

"పాతవాటిలో వెనిగరు లాంటి ఉప్పుంటుందమ్మా. దాన్ని ఒళ్ళు అరిగించుకుని మార్చుకోవాలి. కొత్తవాటిలో వంటసోడా ఉప్పు. రక్తానికి నేరుగా పనికొస్తుంది" అని నర్సు ప్రమీలారాణి చెప్పింది. లేయా వాటిని పులుపు నీళ్ళనీ, సోడా నీళ్ళనీ గుర్తుపెట్టుకుంది. సోడా నీళ్ళు పెట్టిన రోజున అతను బస్టాండు దాకా తన కాళ్ళ మీదే నడిచాడు. అది చూసి ఆమెకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది.

"నీళ్ళు మారాయని తిండి మార్చకండి" అని కూడా నర్సు అంది. "పండులో ఉండే ఉప్పు రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోతుంది. ఆ విషయంలో ఏ నీళ్ళయినా ఒకటే."

"చిన్నపిల్ల, భయపెడుతోంది. ఒంట్లో ఎలా ఉందో నాకు తెలియదా?" అన్నాడతను బస్సులో.

ఆ మధ్యాహ్నం లేయా అన్నం క్యారియర్ తీసుకుని నర్సరీకి వెళ్ళేసరికి, చాట్రాయి రైతు లక్ష్మీనరసింహారావు వచ్చి ఉన్నాడు. మోపెడ్ వెనక పళ్ళబుట్ట. అంటు తొలికాపు కాస్తే, ఆ పళ్ళు కట్టినవాడి దగ్గరికి తేవడం అక్కడి ఆనవాయితీ. అతను తిని, జాతి తప్పలేదని చెప్పాలి. జబ్బు చేశాక సువర్ణరాజు వాసన చూసి చెబుతున్నాడు.

"ఏవయ్యా సువర్ణరాజూ, నన్ను ముంచావా, తేల్చావా?"

"వాసన చూసి చెప్తాడండీ" అంది లేయా.

"వాసన చూస్తే రసం తెలుస్తుందా అమ్మా?"

సువర్ణరాజు పండును ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. "చిన్నరసమేనండీ. తప్పలేదు" అన్నాడు. మాట కొంచెం నీరసంగా వచ్చింది.

రైతు వెళ్ళాక లేయా బుట్ట ఎత్తబోయింది.

"ఉండనీవే. పనివాళ్ళకు పంచుతాను."

"తినవుగా?"

"రేపు బెజవాడేగా. కొత్త నీళ్ళు కడిగేస్తాయి" అన్నాడు. ఆమె మొహం చూసి, "తిననులే" అన్నాడు.

ఇంకోనాడైతే బుట్ట తనతో తీసుకుపోయేదే. ఆ రోజు అతను నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో చూసిన ఆ కూర్చోవడాన్ని అనుమానంతో వంచాలనిపించలేదు. తను పనిచేసే ప్యాకింగు షెడ్డులో లారీకి సరుకెత్తే వేళయిందని వెళ్ళిపోయింది.

సాయంత్రం వస్తూనే నులకమంచం మీద వాలాడు.

"కాళ్ళు బరువుగా ఉన్నాయే. నాలుక మొద్దుబారినట్టుంది."

"ఇప్పుడే పోదామా?"

"ఇప్పుడెవరుంటారే అక్కడ? పొద్దున ఫస్టు బస్సుకు లేపు."

దుప్పటి కప్పుతుంటే అతని చేతికి మామిడి వాసన వేసింది. ఈ కాలంలో ఆ చెయ్యి ఎప్పుడూ అదే వాసన.

తెల్లవారగట్ల బస్సు మలుపులో హారన్ కొట్టింది. క్యారియర్ సర్దేసిన లేయా, "లే, బస్సొచ్చేసింది" అంది. భుజం తట్టింది. బస్సు కాసేపు ఆగి, వెళ్ళిపోయింది.

సమాధి చేసిన మర్నాడు, అతని కత్తి తెచ్చుకుందామని నర్సరీకి వెళ్ళింది. పందిరి కింద కత్తి దొరికింది. పక్కనే అతని తువ్వాలు పరిచి ఉంది. దాని మీద మామిడి టెంకలు, పీచు లేకుండా ఇసుకతో రుద్ది, మొలక వైపు పైకి పెట్టి, విత్తడానికి వరసగా ఆరబెట్టి ఉన్నాయి.