నీలం తిరిగిన తెల్లగులాబీలు

పూల ప్రదర్శన రేపనగా బావగారు కెమెరా బీరువా తాళం తీసి, "రామ్మా మౌసమ్మా, నీకేం కావాలో తీసుకో" అన్నప్పుడు ఆమెకు నిజంగానే కళ్లు చెమర్చాయి. పదకొండేళ్లుగా ఆ బీరువా అద్దం తుడిచిందే తప్ప లోపలి వస్తువు మీద చెయ్యి వేసి ఎరగదు.

మౌసమ్మ ఆమె అసలు పేరు కాదు. భర్తకు అన్నగారైన ఈ బావగారే ఇచ్చిన బిరుదు. కింద స్టూడియో, పైన ఇల్లు. కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే ఆయన ఆమెను వెనకగదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ముందుగదిలో ఆయన ఫొటోలు తీస్తే, వెనకగదిలో ఈమె మచ్చలు తుడిచి, రంగులు సరిచూసి ప్రింటుకు పంపేది. వచ్చినవాళ్లు "ఆవిడెవరండీ?" అని అడిగితే, "మా మరదలు. మౌసు తిప్పుతుంది" అనేవాడు. అలా మౌసమ్మ అయింది. తోడికోడలు కూడా అదే పిలుపు అందుకుంది. మొగుడు మాత్రం అలా పిలిచేవాడు కాదు, అలాగని పిలవద్దనీ ఎవరితోనూ అనేవాడు కాదు. అన్నగారి ఎదుట నోరు మెదపడం అతని జాతకంలోనే లేదు.

పద్దెనిమిదేళ్లుగా ఆ ప్రదర్శనకు ఫొటోలు తీసేది బావగారే. ఏటా పూలపెంపకందార్ల సంఘం ఒక పుస్తకం వేస్తుంది, అందులో మొదటి పేజీలోనే ఆయన పేరు లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. ఈ ఏడాది సంఘం కార్యదర్శి ఒక మెలిక పెట్టింది. దానికి కారణం లేకపోలేదు. ఆమధ్య బావగారు బయట పనిమీద ఉన్నప్పుడు ఆవిడ తన ఆర్కిడ్ కుండీ పట్టుకొచ్చి, అర్జెంటుగా ఫొటో కావాలని కూర్చుంటే, మౌసమ్మే కిటికీ పక్కన పెట్టి, పాస్‌పోర్టు ఫొటోలకు వాడే పాత కెమెరాతో నాలుగు తీసి ఇచ్చింది. ఆ నాలుగూ ఆవిడ మనసులో ఉండిపోయాయి. "ఈసారి ఇద్దరూ తీయండి. ఎవరివి బాగుంటే రాబోయే మూడు పుస్తకాలూ వాళ్లవే, పేరూ వాళ్లదే" అని ఫోన్లో తేల్చిచెప్పేసింది. పైగా ఇంకో షరతు: కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే ఇవ్వాలి, కంప్యూటర్ మీద ముట్టుకోకూడదు. పువ్వుల రంగులు మార్చేశారని పోయినేడు ఓడిపోయినవాళ్లెవరో గోల పెట్టారట.

ఆ ఫోన్ వచ్చిన పూట బావగారు కంచం ముందునుంచి లేచిపోయాడు. "కెమెరా పట్టుకోవడమంటే గరిటె పట్టుకోవడమనుకుంటున్నారు కొందరు" అని తోడికోడలు మెట్లమీద నిలబడి అందరికీ వినబడేలా అంది. మౌసమ్మ విననట్టే వెనకగదిలోకి వెళ్లిపోయింది. కానీ తన అసలు పేరు, అమ్మానాన్నలు పెట్టిన పేరు, ఆ మొదటి పేజీలో అచ్చయి కనబడాలన్న కోరిక ఆమెను పట్టుకుని వదల్లేదు. పదకొండేళ్లలో ఇంతగా కావాలనుకున్నది ఇంకోటి లేదు.

అందుకే వారం రోజులు మాట్లాడని మనిషి బీరువా తెరిచేసరికి కరిగిపోయింది.

"ఆ హాలు నాకు తెలిసినంతగా దాన్ని కట్టినవాడికీ తెలీదు" అన్నాడు బావగారు స్టూలు లాక్కుని. "ఒక్క కిటికీ ఉండదు. పైనంతా ఎల్ఈడీ లైట్లు. ఫ్లాష్ వెయ్యనివ్వరు. ట్రైపాడ్ పెడితే దారికి అడ్డమని పేచీ. ఇదిగో, ఈ ఒంటికాలు స్టాండు తీసుకో."

"వెలుతురు తక్కువ కదా బావగారూ, ఎక్కువ వెలుతురు పట్టే యాభై ఎంఎం లెన్సు తీసుకోనా?"

"దాంతో పువ్వు దగ్గరకెలా పోతావు? బల్లల ముందు తాడు కట్టేస్తారు." ఆయన పై అరలోంచి తోలుసంచీ దించి, అందులోంచి మాక్రో లెన్సు తీశాడు. తమ్ముణ్ని కూడా తాకనివ్వని లెన్సు అది. "దూరంనుంచే పుప్పొడి రేణువుతో సహా పట్టేస్తుంది. తీసుకో."

"మరి మీకో?"

"నాకు పాతది చాలు. పద్దెనిమిదేళ్ల చెయ్యమ్మా ఇది." కెమెరా అందుకుని దానికి లెన్సు తనే బిగించాడు, బటన్లు తనే నొక్కాడు. "సైలెంట్ మోడ్‌లో పెట్టాను. జడ్జీలు మార్కులేస్తుంటే టకటకమని చప్పుడొచ్చిందనుకో, మెడపట్టి బయటికి గెంటుతారు. ఇంకేది మార్చినా ఇది మాత్రం ముట్టుకోకు."

"రంగు ఆటోలో ఉంచుకోనా?"

"నీకు ఆటో చాల్లే. నేను చేత్తో పెట్టుకుంటాను. ఆటో అనేది కన్ను లేనివాడికి."

ఆ మాటకు మౌసమ్మ తల దించుకుంది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఆమెకు తెలుసు. రెండేళ్లుగా బావగారు తీసిన ప్రతి ఫొటో నీలంగా వస్తోంది. మొదట్లో కెమెరా పాడయిందనుకుంది. తర్వాత తల్లి గుర్తొచ్చింది. కళ్లలో శుక్లాలు వచ్చిన రోజుల్లో తల్లి, ఉతికి ఆరేసిన తెల్లదుప్పటిని మాసిపోయిందని పేచీ పెట్టేది. బావగారిదీ అదే బాధ. తెలుపు పసుపుగా కనబడుతుంటే, తన కంటికి తెల్లబడేదాకా రంగును నీలంవైపు తిప్పుకుంటూ పోతున్నాడు. ఒకసారి భయపడుతూనే, "కళ్లు ఒకసారి చూపించుకోండి బావగారూ" అంది. "నా కన్నుకు నువ్వు వంక పెట్టేదానివయ్యావా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. పెద్దమనిషి మొహం చిన్నబోవడమెందుకని, వచ్చిన ప్రతి ఫొటోలో ఆ నీలాన్ని చప్పుడు లేకుండా తీసేసి ప్రింటుకు పంపుతూ వచ్చింది. జనం "మీ రంగులే రంగులండీ" అంటే ఆయన మీసం మీద చెయ్యి వేసుకునేవాడు.

ఈసారి వెనకగది లేదు. ఏం చెయ్యాలో రాత్రి పడుకునేలోపే నిర్ణయించుకుంది. హాల్లో ఏదో ఒక వంకతో ఆయన కెమెరా చేతిలోకి తీసుకుని రంగు తనే సరిపెట్టి ఇచ్చేద్దామనుకుంది. గెలిస్తే ఆయనే గెలవనీ. ప్రాణంలాంటి లెన్సు ఇచ్చిన మనిషికి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా?

మంచి మనసున్నవాళ్లతో వచ్చిన చిక్కే ఇది. ఎదుటివాడు వేలెడు ఇస్తే వీళ్లు మూరెడు తిరిగివ్వడానికి సిద్ధపడిపోతారు.

మర్నాడు పొద్దున హాలు నిండా నల్లగుడ్డ పరిచిన బల్లలు, వాటిమీద గాజుసీసాల్లో పూలు. ఈ ఏడాది ముఖ్యమైన పోటీ తెల్లపూలది. పెంచినవాళ్లు మెత్తటి కుంచెలతో రేకుల మీద దుమ్ము దులుపుతున్నారు. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన పన్నెండేళ్లుగా పెంచిన తెల్లగులాబీ పక్కన, ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చున్నట్టు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మౌసమ్మ ఆ గులాబీతోనే మొదలుపెట్టి నలభై ఫొటోలు తీసింది. మాక్రో లెన్సులో రేకు అంచున నిలిచిన నీటిబొట్టు కూడా స్పష్టంగా కనబడుతుంటే ఒళ్లు పులకరించింది.

తీసినవాటిని పెద్దవిచేసి చూసుకుంది. ప్రతి పువ్వుమీదా అడ్డంగా నల్లటి చారలు. దువ్వెనతో గీసినట్టు, ఒకే ఎడంలో. వెలుతురు పెంచి చూసింది, తగ్గించి చూసింది. చారలు అలాగే ఉన్నాయి. లెన్సు మీద ఏమైనా పడిందేమో తుడుద్దామని లెన్సుతోపాటు ఇచ్చిన తోలుసంచీ మూతలోని అరలో గుడ్డకోసం వెతికితే చేతికి ఒక చీటీ తగిలింది.

బావగారి చేతిరాతే. మూడేళ్ల కిందటి తేదీ వేసి ఉంది. "ఎల్ఈడీ లైట్ల కింద సైలెంట్ వద్దు. చారలు పడతాయి. మామూలు షట్టరే వాడాలి."

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట ఒక ఆఫీసు సభ ఫొటోలు ఇలాగే చారలతో వస్తే, ఆ చారలు తుడవడానికి రెండు రోజులు ఆమె నడుం పడిపోయేలా కూర్చుంది. "ఆ హాలు లైట్లే దిక్కుమాలినవి" అని ఆమెతో అని, అసలు కారణం మాత్రం తనకోసం రాసి దాచుకున్నాడన్నమాట. రాసి సంచీలో పెట్టిన సంగతి మరిచిపోయాడు. చారల సంగతి మాత్రం మరిచిపోలేదు.

మౌసమ్మ ఆ చీటీ రెండోసారి చదివింది. సైలెంట్ తీసేసి, మామూలు షట్టర్ పెట్టి గులాబీని మళ్లీ తీసింది. టక్కుమంది. జడ్జి ఒకావిడ తలెత్తి చూసి, నవ్వి, తన కాగితాల్లోకి వెళ్లిపోయింది. ఎవరూ మెడపట్టి గెంటలేదు. చారలు లేవు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని మొదటినుంచి మళ్లీ అన్నీ తీసింది.

మధ్యాహ్నం బావగారే ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. మొహం ఎందుకో వాడిపోయి ఉంది. కెమెరా ఆమెముందు పెట్టి, గొంతు తగ్గించి, పదకొండేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"ఒకసారి చూసి పెట్టమ్మా. తెలుపు తెల్లగానే వచ్చిందంటావా?"

చూసింది. గులాబీలు, లిల్లీలు, ఆర్కిడ్లు అన్నీ నీలం. ఇంకా కెమెరాలోని మెమరీ కార్డు కార్యదర్శికి ఇవ్వడానికి మూడు గంటల టైముంది. ఒక్క బటన్ నొక్కితే అన్నీ మళ్లీ తీసుకోవచ్చు. ఆయన కళ్లలోని భయం చూసి ఆమెకు జాలి కూడా వేసింది. ఆ జాలితోనే చివరిసారిగా ఒక అవకాశం ఇచ్చింది.

"బావగారూ, నేను సైలెంట్‌లోనే తీస్తున్నాను. అది మంచిదేనంటారా? ఏమైనా మార్చమంటారా?"

ఆయన ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. పెదవి కొస కొంచెం కదిలింది.

"బంగారంలా ఉంటుంది. అలాగే కానియ్. ముట్టుకోకు."

"సరే బావగారూ." కెమెరా ఆయన చేతికిచ్చింది. "మీవి మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ఇంత తెలుపు ఎవరికీ రాదు."

ఆయన మొహం విప్పారింది. ఆమె భుజం తట్టి, ఈల వేసుకుంటూ వెళ్లాడు. మౌసమ్మకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి పిలవలేదు.

సాయంత్రం కార్యదర్శి ఇద్దరి కార్డులూ తీసుకుని, రెండువందల మంది పెంపకందార్ల ముందు పెద్ద తెరమీద వేసింది. మొదట బావగారివి. పోస్టుమాస్టరు గులాబీ తెరనిండా విచ్చుకుంది, ఆకాశమంత నీలంగా. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "నీలిమందులో జాడించారా ఏంటండీ?" అని ఇంకెవరో అన్నారు. పోస్టుమాస్టరు లేచి నిలబడి, "ఇది నా పువ్వు కాదు" అన్నాడు.

"తెర పాడయినట్టుంది!" బావగారు వెనకనుంచి అరిచాడు.

కార్యదర్శి మౌసమ్మ కార్డు పెట్టింది. అదే తెర, అదే గులాబీ. ఒక్క చార లేదు. పాలనురగలా తెల్లటి రేకులు, అంచున నీటిబొట్టు. హాలంతా ఒక్కసారి చప్పట్లు కొట్టింది. పోస్టుమాస్టరు కళ్లు తుడుచుకున్నాడు.

బావగారు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "చప్పట్లు దేనికి? అది పసుపు! కళ్లు కనబడట్లేదా మీకు? తెలుపంటే నాది! నాదే తెలుపు!"

ఎవరూ నవ్వలేదు. అసలు విషయం అందరికీ ఒకేసారి అర్థమైంది. "పాపం, పెద్దాయన" అని ఎవరో మెల్లగా అన్నారు. అది విన్నాకగాని ఆయనకు అర్థం కాలేదు. తెరవైపు చూశాడు, తన చేతులవైపు చూసుకున్నాడు, ఆఖరికి మరదలివైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. మధ్యాహ్నం చూశావుగా. మల్లెపువ్వుల్లా ఉన్నాయన్నావుగా."

మౌసమ్మ జేబులోంచి చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం జరిపాడు, లైటు కిందికి పట్టుకెళ్లాడు.

"ఏముంది ఇందులో?"

"మీ చేతిరాతే బావగారూ. చదువుకోండి."

ఆయన చదవలేకపోయాడు. అందరి ముందూ ఆ చీటీని అటూ ఇటూ తిప్పుతుంటే, చివరికి ఆమే తీసుకుని చదివి వినిపించింది. గొంతు పెంచలేదు. పక్కనున్న ఇద్దరు ముగ్గురికి మాత్రమే వినబడింది. ఆయన పెదవులు తడుపుకుని అడిగాడు.

"మరి ఇన్నాళ్లూ... నా ఫొటోలు చూసి ఒక్కరూ ఏమీ అనలేదే?"

"అనకుండా నేను చూసుకున్నాను. మౌసు తిప్పుతాను కదా."

కార్యదర్శి నోటుపుస్తకం పట్టుకుని వచ్చి, రాబోయే పుస్తకం మొదటి పేజీలో పేరు ఎలా వెయ్యమంటారని అడిగింది. మౌసమ్మ తన అసలు పేరు చెప్పి, ఒక్కో అక్షరం సరిగ్గా రాయించింది. బావగారు అక్కడే నిలబడి ఆ పేరు విన్నాడు.

తర్వాత ఆయన వెళ్లి కెమెరా సర్దుకోవడం మొదలుపెట్టాడు. లెన్సు నల్లమూత నల్లగుడ్డమీద ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. రెండు చేతులతో బల్లంతా తడుముతున్నాడు. ఒకసారి ఆమెవైపు చూశాడు గాని అడగలేదు. మౌసమ్మ తన సంచీ జిప్పు లాగి, భుజాన వేసుకుని బయటికి నడిచింది.