చేతులు వెనక్కి

బల్ల మీద పరిచిన బట్ట పొరల మీద అరచెయ్యి ఆనించి, మాస్టరమ్మ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. లోపల ఎక్కడైనా ముడత ఉంటే అరచేతికి తెలియాలి. తెలియలేదు. మందులు ఎక్కించడం మొదలైనప్పటి నుంచి వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఆమె వంగి, బట్టకు చెంప ఆనించింది. చెంపకు తెలిసింది.

"మళ్ళీ పరుచు," అంది.

గుండీలామె నిట్టూర్చింది. నిన్నమొన్నటి దాకా గుండీలు కుట్టిన మనిషి, ఇప్పుడు కటింగ్ నేర్చుకుంటోంది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు.

"ఒక్కసారి మీరే కోసి చూపించకూడదూ, మాస్టరమ్మా?"

"చూపించాను. ఇప్పుడు నువ్వు కొయ్యి."

చెబుతూనే రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఆ బల్ల దగ్గర పని నేర్పే పద్ధతి అది. నేర్చుకునేవాళ్ళు కత్తెర పట్టాక, నేర్పేవాళ్ళ చేతులు వీపు వెనకే ఉండాలి. బట్ట పాడైపోతున్నా సరే, కత్తెర లాక్కోకూడదు. లాక్కుంటే ఎదుటివాళ్ళకు పని రాదు, భయం వస్తుంది. ఆమెకు నేర్పిన ముసలి మాస్టరు కూడా అలాగే నిలబడ్డాడు, మొదటిరోజు ఆమె ఖరీదైన కోటు చెయ్యిని పొట్టిగా కోసి పారేస్తున్నా సరే. అప్పటికామె నేల ఊడ్చే పనికి వచ్చిన పిల్ల. ఆ తరువాత ఆ గదిలో మాస్టరనిపించుకున్న మొదటి ఆడమనిషి ఆమే.

కత్తెర కదిలింది. గీత దాటబోయి, ఆగి, సర్దుకుంది. వీపు వెనక మాస్టరమ్మ వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకున్నాయి. బట్ట చక్కగా విడిపోయింది.

"ఇప్పుడైనా మెచ్చుకోరా?"

"మెడ కూడా కొయ్యి, అప్పుడు చూద్దాం. రేపటి నుంచి ఈ బల్ల నీదే."

గుండీలామె మొహంలో నవ్వు ఆరిపోయింది. రేపు మాస్టరమ్మ ఆసుపత్రిలో చేరుతోందని అందరికీ తెలుసు. పొట్టలోని క్యాన్సర్‌కు ఇక మందులు పనిచేయవని డాక్టరు చెప్పిన సంగతి ఆమెకూ, ఆమె భర్తకూ తప్ప ఎవరికీ తెలియదు.

"ఏడిస్తే బట్ట మీద మరకలవుతాయి. ఏడవాలంటే అవతలికి పో," అంది మాస్టరమ్మ.

బయట లారీ హారన్ మోగింది. ఆమె తలగుడ్డ సర్దుకుంది. చెప్పులు వేసుకుంది. గదిని వెనక్కి తిరిగి చూడలేదు.

లారీ డ్రైవరైన ఆమె భర్త కిందకు దిగి, ఆమె ఎక్కడానికి పెట్టె వేశాడు. పక్క సీట్లో దిండు ఉంది. కటింగ్‌లో మిగిలిన ముక్కలు కూరి, ఈమధ్యే ఆమె కుట్టిన దిండు. మొద్దుబారిన వేళ్ళతో కుట్టడం వల్ల ఒక పక్క కుట్టు వంకర్లు పోయింది. విప్పి మళ్ళీ కుడతానంటే అతను ఇవ్వలేదు.

"కాగితాలన్నీ తెచ్చారా, డ్రైవరుగారూ?"

"తెచ్చాను. కానీ నువ్వున్నావుగా, నువ్వే మాట్లాడెయ్యి. నేను పక్కన నిలబడతాను."

పెళ్ళయిన నాటి నుంచీ అదే మాట. నువ్వున్నావుగా. కరెంటు బిల్లు, ఇంటి అప్పు, అన్నిటికీ అదే. ఎంత ఇరుకు సందులోనైనా లారీని వెనక్కి నడిపే మనిషికి, కౌంటరు ముందు నిలబడితే నాలుక పిడచగట్టుకుపోతుంది. రెండు గదుల ఇల్లు ఆమె జీతంతో కొన్నది. దాని వాయిదా ఆమె ఒక్కదాని పేరున ఉన్న ఖాతాలోంచి పోతుంది. ఆమె పోతే ఖాతా ఆగుతుంది. ఖాతా ఆగితే వాయిదా ఆగుతుంది. ఆ తరువాత ఇల్లు ఎవరిదో ఆమెకు తెలుసు. ఖాతాను ఇద్దరి పేరునా మార్చాలి. ఇవాళే మార్చాలి. రేపు ఆసుపత్రి. తిరిగి ఎప్పుడు వస్తుందో డాక్టరు చెప్పలేదు.

బ్యాంకు మెట్ల కింద అరుగు ఉంది. అతను దిండు తెచ్చి వేశాడు. ఆమె కూర్చుని చేతులు వెనక్కి పెట్టుకుంది.

అతనికి అర్థమైంది. మొహం పాలిపోయింది.

"ఇదేమన్నా బట్టా? తేడా వస్తే?"

"వస్తే రానివ్వండి. వెళ్ళండి, మూసేస్తారు."

అద్దం తలుపులోంచి అతని వీపు కనిపిస్తోంది. వరుసలో నిలబడ్డాడు. వెనకొచ్చిన ఒకతను ముందుకు దూరాడు. డ్రైవరు ఏమీ అనలేదు. ఆమె పళ్ళు బిగించింది. ఇంకొకావిడ దూరబోయింది. ఈసారి అతను భుజం అడ్డం పెట్టాడు. అచ్చం రోడ్డు మీద బండి అడ్డం పెట్టినట్టే. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే పొట్టలో నొప్పి లేచింది.

కాసేపటికి బయటికొచ్చాడు. "కౌంటర్లో ఆవిడ ఏదో ఫారం అంటోంది. ఏది నింపాలి?"

"నన్నడక్కండి."

"దయలేని మనిషివి."

"అవును. ఫారం సంగతి లోపల ఎవర్నైనా అడగండి."

మళ్ళీ వెళ్ళాడు. గోడ గడియారం ముల్లు మూసే వేళకు జరుగుతోంది. కాపలా మనిషి అప్పుడే ఒక తలుపు గొళ్ళెం వేశాడు. లోపల బ్యాంకావిడ తల అడ్డంగా ఊపుతోంది. తెరిచి ఉన్న తలుపులోంచి మాటలు వినబడ్డాయి.

"ఖాతాదారు నా ఎదురుగా సంతకం పెట్టాలండీ. ఆవిడ రాకపోతే కుదరదు."

మెట్లు ఎక్కడం ఇక తన వల్ల కాదని మాస్టరమ్మకు తెలుసు. ఒక్క కేక వేస్తే చాలు, ఏం చెయ్యాలో చెప్పగలదు. నోటిదాకా వచ్చిన కేకను మింగేసింది.

అప్పుడు డ్రైవరు గొంతు. వణుకుతోంది, కానీ వినబడేంత గట్టిగానే ఉంది.

"మేడమ్, సరుకు కదల్లేనప్పుడు మేం బండినే సరుకు దగ్గరికి తీసుకుపోతాం. మా ఆవిడ మెట్ల కిందే ఉంది. ఆరోగ్యం బాలేదు. మీరే దిగాలి."

"కౌంటరు వదిలి రావడం కష్టమండీ."

"కష్టమే. నేను ఇక్కడే నిలబడతాను. మీ పని అయ్యాకే దిగుదురుగాని."

బ్యాంకావిడ దిగింది. కాగితాల అట్ట పట్టుకుని, అతని వెనకే.

"నేను సరుకునా?" అంది మాస్టరమ్మ.

"పగిలే సరుకువి. జాగ్రత్తగా దించాలి," అన్నాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది.

కలం ఆమె వేళ్ళ మధ్య పెట్టారు. ఉందో లేదో ఆమెకు తెలియడం లేదు. ఒళ్ళో అట్ట పెట్టుకుని సంతకం చేసింది. గీత ఎటో పోయింది. బ్యాంకావిడ పాత సంతకం పక్కన పెట్టి చూసింది. ఇబ్బందిగా పెదవి కొరుక్కుంది.

"కలవడం లేదమ్మా. ఇంకొక్కసారి చూడండి."

ఇన్నేళ్ళలో తన గీత తప్పిందని ఎవరూ అనలేదు. సాయం కోసం భర్తవైపు చూసింది. చెయ్యి పట్టుకుని నడిపిస్తాడనుకుంది.

అతను కదల్లేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని గెడ్డం వణుకుతోంది. చేతులు మాత్రం వీపు వెనకే ఉన్నాయి.

ఆమె అతన్ని చూస్తూ ఉండిపోయింది. తరువాత అరుగు పట్టుకుని లేచి నిలబడింది. జీవితమంతా నిలబడి పనిచేసిన మనిషి. కూర్చుని ఏ గీతా గీయలేదు. అట్టను పక్కనే ఆగి ఉన్న లారీ ముందు బంపరు మీద పెట్టింది. వేళ్ళను నమ్మడం మానేసింది. బరువంతా భుజంలోకి తెచ్చుకుని, పొరలు పొరల బట్టను కోసినట్టు, భుజంతో లాగింది.

బ్యాంకావిడ రెండు సంతకాలూ చూసింది. "కలిసింది," అంది. ఆవిడ కూడా ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టుంది.

లారీ ఇంటిదారి పట్టింది.

"ఇప్పుడైనా మెచ్చుకోవా?" అన్నాడు డ్రైవరు.

"ఒక మనిషి మీ ముందుకు దూరాడు. చూశాను," అంది మాస్టరమ్మ. అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "మిగతాదంతా నేను చేసినా అంతకన్నా బాగా చెయ్యలేను."

ఆమె మళ్ళీ కటింగ్ గదికి రాలేదు. వానలు మొదలైన వారంలో ఒక తెల్లవారుజామున, డ్రైవరు ఫ్లాస్కులో టీ నింపుకుని వచ్చేసరికి, ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతోందనుకుని అతను టీ పక్కన పెట్టి కూర్చున్నాడు. నర్సు వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

ఆసుపత్రి కౌంటరు దగ్గరా, ఆఫీసుల్లోనూ అతనే నిలబడ్డాడు. అర్థం కానిది రెండోసారి అడిగాడు. ఎవర్నీ తన ముందుకు దూరనివ్వలేదు. ఇంటి వాయిదా ఒక్కటీ తప్పలేదు.

లారీ పక్కసీట్లో దిండు అలాగే ఉంది, మధ్యలో ఆమె కూర్చున్న పల్లంతో, ఒక పక్కన ఆమె చేతిలో వంకర్లు పోయిన ఆ ఒకే ఒక్క కుట్టుతో.